లేహ్నర్ తాతగారి ఆఖరి కథ

“రేపు పొద్దుగాల నన్ను ఇంటికి విమానం ఎక్కిస్తరట సాబ్! సదువు రానోనికి ఆ కితాబేం పనికొస్తది, మీరే చెప్పుండ్రి!” అంటూ లచ్చన్న ఘొల్లుమన్నాడు.

అది డెబ్బై అయిదు ఎండాకాలం, మస్కట్ పక్కన వాడి కబీర్ అనే పేట. హైదరాబాద్ పోలీసులో పనిచేసొచ్చి ఇక్కడ ప్రైవేటు డిటెక్టివ్‌గా బోర్డు కట్టిన ఖమరుద్దీన్ టోపీ అందుకున్నాడు. అసిస్టెంటు దేవయ్యకు ప్రాణం లేచొచ్చింది. టోపీ అందుకున్నాడంటే కేసు ఒప్పుకున్నట్టే!

పోయింది కంపెనీ ఇంజనీరు లేహ్నర్ తాతగారి రాతప్రతి. ఆ తాత మొదటి యుద్ధానికి ముందు ఆస్ట్రియాలో దయ్యాల కథలూ వింత కథలూ రాసి జనానికి కంటిమీద కునుకు లేకుండా చేసిన మహానుభావుడు. ఇది అచ్చుకాని ఆఖరి కథ. మధ్యమధ్య ఆయన గీసిన బొమ్మలు కూడా ఉన్నాయట. గది ఊడ్చేది లచ్చన్నే గనక దొంగా లచ్చన్నేనని కంపెనీవాళ్లు తేల్చేశారు.

ఇద్దరూ లేహ్నర్ ఇంటికి వెళ్లారు. లేహ్నర్‌కు జ్వరం దిగి రెండు రోజులైంది. అంతకుముందు వారమంతా ఆ కథ చదువుతూ నిద్రలో కేకలు పెట్టాడట. రాతప్రతి పోయిన సొరుగులో బంగారు గడియారం అలాగే ఉంది. ఖమరుద్దీన్ వంగి వాసన చూశాడు. లోబాన్, అదే సాంబ్రాణి, పొగ వాసన.

వంటవాడు ఎహసాన్, కడప మనిషి, టీ తెచ్చి ఉత్త బల్లమీద పెట్టాడు.

“మేజాగుడ్డ ఏమైంది భాయ్?”

“ఉతికి ఆరేసినా సార్.”

దండెం మీద గుడ్డ లేదు. పెరట్లో పుదీనా మడి పచ్చగా ఉంది, ఒక మూల మొక్కలు మాత్రం వాడి వేలాడుతున్నాయి. అన్నీ చూసిన దేవయ్యకు ఒక్కటీ అంతుపట్టలేదు.

సాయంత్రం ఖమరుద్దీన్ అందరినీ హాల్లో కూర్చోబెట్టాడు.

“దొంగయితే గడియారం వదలడు. ఇది దొంగతనం కాదు, భయం. సాహెబు జ్వరం ఆ బొమ్మల్లోని దయ్యం పనేనని ఎవరో నమ్మారు. లోబాన్ వేసినా తగ్గలేదు. మా ముసల్మానుల ఇళ్లల్లో రాసిన కాగితం కాల్చరు, శుభ్రమైన గుడ్డలో చుట్టి, కాలు పడని చోట పాతిపెడతారు. గుడ్డ మేజా మీదిది. పీకి మళ్లీ నాటిన మొక్కే అట్లా వాడిపోతుంది. ఎహసాన్ భాయ్, నువ్వు తవ్వుతావా, మా దేవయ్య తవ్వాలా?”

ఎహసాన్ కూలబడ్డాడు. “పాతిన రోజే జొరం దిగింది సార్! తవ్వితే మళ్లీ సాహెబు పానం మీదికొస్తాదని నోరు మూసుకున్నా.”

“నా బతుకు బుగ్గయితుంటె సూస్కుంట కూసున్నవానే?” లచ్చన్న అతని మీదికి ఉరికాడు. దేవయ్య పట్టుకున్నాడు.

మడిలోంచి తవ్వి తీసి మట్టి దులిపిన రాతప్రతి కట్టను ఒళ్లో పెట్టుకుని లేహ్నర్ ఇంగ్లీషులో ఏదో కసిరాడు. రేపటి విమానంలో ఎహసానే పోవాలన్నాడని ఖమరుద్దీన్ చెప్పాడు.

లచ్చన్న దేవయ్య చెయ్యి విడిపించుకుని ఖమరుద్దీన్ వైపు తిరిగాడు.

“సాబ్, ఆయనకు చెప్పుండ్రి. ఈన ఆయన పానం సూసిండు, నాది సూడలే. నా కడుపు మండుతనే ఉన్నది. గని దాని కోసం ఇంటికి పంపుతరా? ఉండనీయుండ్రి.”

ఖమరుద్దీన్ అది ఇంగ్లీషులో చెప్పాడు. లేహ్నర్ బల్లమీద ఉన్న రేపటి విమానం టికెట్టు తీసి, రెండు ముక్కలు చేశాడు.