పదకొండో నంబరు చెట్టు

"ఏవండీ, ఆ చెట్టు మీకేం అన్యాయం చేసిందని అలా బాదుతున్నారు?"

చేతిలో కొయ్యసుత్తితో సహా వెనక్కి తిరిగాను. కుట్టుమిషన్ వెనక నుంచి ఒకమ్మాయి గుడ్లురిమి చూస్తోంది. పక్కనే స్టూలు మీద వాళ్లమ్మ కాజాలు కుడుతూ, తలెత్తకుండానే నవ్వుతోంది.

"బాదడం లేదండీ, పరీక్ష చేస్తున్నాను. పార్కుల ఆఫీసు నుంచి వచ్చాను. చెట్ల ఇన్‌స్పెక్టర్‌ని."

"ఓహో, చెట్ల డాక్టరన్నమాట! మరి స్టెతస్కోపు ఏదీ?"

"ఇదే," అని సుత్తి చూపించాను.

ఆమె పకపకా నవ్వింది. అక్కడ మొదలైన నా తిప్పలు ఇప్పటికీ తీరలేదు. తీరకూడదనే నా కోరిక కూడా.

సంగతేమిటంటే, మా ఊరి బస్టాండు ముందు పద్నాలుగు నిద్రగన్నేరు చెట్లున్నాయి. అన్నీ ముసలివే. కిందటి నెల ఒకదాని కొమ్మ విరిగి బెంచీ మీద పడింది. బెంచీ ఖాళీగా ఉండబట్టి సరిపోయింది. దాంతో ఆఫీసువాళ్లు ఉలిక్కిపడి నన్ను పంపారు. కాండాన్ని సుత్తితో కొట్టి చప్పుడు వినాలి. గట్టిగా పలికితే బాగున్నట్టు, డొల్లగా పలికితే లోపల పుచ్చినట్టు. బాగున్నదానికి పచ్చచుక్క, పుచ్చినదానికి ఎర్రచుక్క. ఎర్రచుక్క పడితే రంపం వస్తుంది. శుక్రవారానికల్లా రిపోర్టు మీద నా సంతకం పడాలి.

ఆమె మిషన్ ఉన్నది పదకొండో నంబరు చెట్టు కింద. చుట్టుకొలత తీద్దామని సంచిలో చెయ్యి పెడితే టేపు లేదు. ఆఫీసులో మర్చిపోయి వచ్చాను.

"డాక్టరుగారికి టేపు కూడా మేమే ఇవ్వాలా?" అంటూ మెడలోని టేపు తీసింది. "ఇంతకీ చెట్టుకి చొక్కా కుట్టిస్తారా ఏమిటి? నడుము రెండు టేపులు దాటేలా ఉంది."

ఒక కొస ఆమె పట్టుకుని అటువైపు వెళ్లింది, రెండో కొస నేను పట్టుకున్నాను. మధ్యలో చెట్టు. మొహాలు కనపడటం లేదు, మాటలు మాత్రం వినపడుతున్నాయి.

"ఇది బాగానే ఉందా?" అని అడిగింది. ఈసారి గొంతులో వెటకారం లేదు.

"పైకొమ్మలు ఎండాయి, ఆకు పలచబడింది. చూస్తే అనుమానంగానే ఉందండీ. కానీ చప్పుడు మాత్రం భేషుగ్గా ఉంది."

"అయితే పచ్చచుక్కేనా?"

"పచ్చచుక్కే."

ఆమె గబగబా టేపు చుట్టుకుని మిషన్ దగ్గరికి వెళ్లిపోయింది. సంతోషమనుకున్నాను, తెలివితక్కువవాణ్ణి.

మర్నాడు నా చొక్కా గుండీ ఊడింది. ఆ మర్నాడు ఇంకోటి ఊడింది.

"డాక్టర్‌గారూ, ఈ దారం తెగినట్టు లేదే. కత్తిరించినట్టుంది."

"పాత చొక్కా అండీ."

"ఇంకా షాపు మడతలే పోలేదు!"

"పోనీలేవే," అంది వాళ్లమ్మ. "బాబు చొక్కాకి ఎన్ని గుండీలున్నాయో అన్ని రోజులు వస్తాడు, అంతేగా."

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

గురువారం మధ్యాహ్నం మూడింటికి ఈదురుగాలి, వెనకాలే వాన. తల్లీకూతుళ్లు మిషన్‌ను బస్టాండు వరండాలోకి లాగేసుకున్నారు. బస్సు దిగిన జనమంతా పదకొండో చెట్టు కిందికి పరిగెత్తారు. నేనూ అక్కడే ఉన్నాను. కాండానికి వీపు ఆనించి, వరండాలో ఉన్న ఆమెకి హాయిగా చెయ్యూపాను.

ఆమె మొహం పాలిపోయింది. ఒక్క ఉదుటున వానలోకి వచ్చేసింది.

"ఇవతలికి రండి! అందరూ ఇవతలికి వచ్చేయండి! ఆ చెట్టు కింద ఉండొద్దు!"

జనం కంగారుగా కదిలారు. నేను కదల్లేదు. పచ్చచుక్క పెట్టింది నేనే కదా! ఆమె నా చొక్కా పట్టుకుని వరండా దాకా ఈడ్చుకొచ్చింది. ఈసారి గుండీ నిజంగానే తెగింది.

"అది డొల్ల చెట్టండీ," అంది రొప్పుతూ. "మా నాన్న మేస్త్రి. నా చిన్నప్పుడు ఆ కాండంలో పెద్ద తొర్ర ఉండేది. మూసేస్తే చెట్టు బతుకుతుందని సిమెంటు కూరాడు. తర్వాత బెరడు కప్పేసింది. మీరు కొట్టింది చెట్టుని కాదు, మా నాన్న సిమెంటుని."

"రేపు నేను సంతకం పెట్టేసేవాణ్ణి! ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?"

"నాన్న లేడు. ఆ చెట్టు కూడా పోతే ఆయన మళ్లీ పోయినట్టే అనిపించింది." వానా కన్నీళ్లూ కలిపి చున్నీతో తుడుచుకుంది. "కానీ ఇందాక దాని కింద అంతమంది, మధ్యలో మీరు... చెట్టు పోతే పోనీ అనిపించింది."

కోప్పడదామనుకున్నాను గానీ కోపం రాలేదు. ఎలా వస్తుంది?

"తప్పు నాది కూడా," అన్నాను. "మిగతా పదమూడు చెట్లనీ చుట్టూ తిరిగి కొట్టాను. దీన్ని మాత్రం మీ వైపే కొట్టాను."

"ఎందుకని?"

"అటువైపు వెళ్తే మీరు కనపడరు."

వరండాలో వాళ్లమ్మ దగ్గింది. వాన ఆగాక అటువైపు వెళ్లి సుత్తితో కొట్టాను. ఖాళీ డ్రమ్ము మోగినట్టు మోగింది. ఎర్రచుక్క పెడుతుంటే రంగు డబ్బా ఆమే పట్టుకుంది. చుక్క పూర్తయ్యేదాకా డబ్బా వదల్లేదు.

ఆదివారం రోడ్డు మూసి చెట్టు కొట్టారు. సిమెంటుకి రంపం పళ్లు పోతాయని, ఆ చుట్టూ ఉన్న బెరడును ఉలితో జాగ్రత్తగా వొలిపించాను. లోపలి నుంచి సిమెంటు దిమ్మ మొత్తంగా ఊడొచ్చింది. నలుగురం మోసుకెళ్లి పన్నెండో చెట్టు కింద పెట్టాం. ఆమె మిషన్‌కి కొత్త చోటు అదే. ఆఫీసులో అడిగి అనుమతి తెచ్చాను. పన్నెండో చెట్టును చుట్టూ తిరిగి మూడుసార్లు పరీక్షించాను కూడా.

దిమ్మ మీద రెండు అరచేతుల గుర్తులున్నాయి. ఒకటి పెద్దది. దాని పక్కన బుల్లిది.

"అమ్మా, చూడవే! నేను పచ్చి సిమెంటులో చెయ్యి పెట్టానని తిట్టి, తర్వాత నాన్న కూడా పెట్టాడు!"

వాళ్లమ్మ కాజాల బట్ట పక్కన పెట్టేసింది. ఆ పెద్ద చేతిని చాలాసేపు నిమిరింది. తర్వాత నావైపు చూసి, "బాబూ, గుండీలు తెంపుకున్నది చాలు. మీ అమ్మానాన్నల్ని తీసుకుని మా ఇంటికి రా," అంది.

ఆమె సిగ్గుపడుతుందేమో అనుకున్నాను. అబ్బే! నా చెయ్యి పట్టుకుని వాళ్ల నాన్న చేతి గుర్తులో పెట్టింది. చుట్టూ వేలెడు ఖాళీ మిగిలింది.

"సరిపోలేదండీ," అన్నాను దిగులుగా.

"కాస్త వదులైంది, అంతేగా," అంది చెయ్యి వదలకుండా. "నేను టైలర్‌ని. నేను చూసుకుంటాలెండి."