మూడో పిల్లగూడు

సాయంత్రం నాలుగింటికి ఆదోని పదకొండో కొట్టంలో తనిఖీనిద్ర రెండోసారి తప్పింది. బండిలో గూళ్ళు అయిదు, మనుషులు అయిదుగురు. మూడో పిల్లగూడు ఖాళీగా ఉందని శ్వాసమాపిక చెప్పింది.

అమరికదారు కుళ్ళాయమ్మ బండి వెనక తలుపు తీసింది. ఒకప్పుడది బడి బస్సు. సీట్లు పీకేసి, డ్రైవరు వెనక పెద్దవాళ్ళకు రెండు గూళ్ళు, వెనక చక్రాల మీద పిల్లలకు మూడు గూళ్ళు ఆమే బిగించింది. ఒక్కొక్కటి పిల్ల పొడవుకు జానెడు ఎక్కువ. తలవైపు చలిగొట్టం, కాళ్ళవైపు జారుడు తలుపు, గూటికీ గూటికీ మధ్య తేనెపట్టులా గదులున్న అడ్డపలక. వేసవి మొదలైనప్పటినుంచీ ఆమెకు రోజూ ఇదే పని. కొలవాలి, కోయాలి, బిగించాలి. తర్వాత ఇంటిల్లిపాదినీ ఎవరి గూట్లో వాళ్ళను అరగంట నిద్రపోనివ్వాలి. మాపిక ఒప్పుకుంటే బండి ఊరు విడిచే బండ్ల వరసలో చేరుతుంది. పొద్దు గూకగానే వరస చల్లటి కనుమలవైపు కదులుతుంది. అది నడిచేది రాత్రిళ్ళే. పగలు ఆగినచోట, యాభై రెండు డిగ్రీల ఎండలో, మనుషులు గూళ్ళలో ఉంటేనే బతుకుతారు.

మల్లిక తన గూట్లో లేదు. చైత్ర గూట్లో ఉంది. కాలు చైత్ర నడుం మీద, నోరు భుజం దగ్గర. చైత్రకు తొమ్మిదేళ్ళు, మల్లికకు అయిదు. ఇద్దరూ గాఢనిద్రలో ఉన్నారు. పక్క గూట్లో చైత్ర తమ్ముడు రోహిత్ మాత్రం మేలుకుని పలక మీద వేళ్ళతో దరువేస్తున్నాడు.

చైత్ర తండ్రి మద్దిలేటి ఇంట్లో నలుగురూ ఒకే బొంత మీద బారుగా పడుకునేవాళ్ళు. పోయిన ఎండాకాలం అతని చెల్లెలు వడదెబ్బకు చనిపోయింది. ఆమె కూతురు మల్లిక ఆ బొంత మీదికి వచ్చింది. పిల్ల కొత్తది కాబట్టి నడుమ చోటిచ్చారు. అప్పటినుంచి పక్కన మనిషి తగలందే ఆ పిల్ల నిద్రపోలేదు. ఈ సంగతి తల్లి సుంకమ్మ కొలతలనాడే చెప్పింది. గూడు చూస్తే అలవాటవుతుందని కుళ్ళాయమ్మ అంది. తప్పు అంచనా వేశానని ఇప్పుడు ఒప్పుకుంది.

మూడోసారి తప్పితే మల్లిక బండి దిగాలి. వానలు పడేదాకా ఊళ్ళోని నేలనిలయంలో, భూమి కింద, దిక్కులేని పిల్లలతో ఉండాలి. మిగిలినవాళ్ళు వెళ్ళిపోవాలి. మూడో తనిఖీకి ముందు గూటికి బయటినుంచి గొళ్ళెం బిగించాలన్నది నియమం.

"గొళ్ళెం పెట్టెయ్ అక్కా" అన్నాడు మద్దిలేటి. "ఏడుస్తాది. ఏడ్చి ఏడ్చి పండుకుంటాది. నిలయంలో ఇడ్సిపెట్టేదానికన్నా మేలు గదా."

"నువ్వు దూరు పో ఆ గూట్లో. గొళ్ళెం నేను పెడ్తా" అంది సుంకమ్మ.

"నా భుజాలు పడ్తాయామ్మే అందులో?"

"భుజాలు పడ్తాయిలే. పొట్టే పట్టదు."

కుళ్ళాయమ్మ నవ్వలేదు. గొళ్ళెం తెచ్చి నాలుగు మరలు బిగించింది. మల్లికను లేపి ఆమె గూట్లో పడుకోబెట్టారు. జారుడు తలుపు మూసి గొళ్ళెం వేశారు. పిల్ల ఏడవలేదు. కాసేపటికి లోపలినుంచి అడిగింది.

"అత్తా, మళ్ళా తీస్తారు గదా?"

సుంకమ్మ తీస్తామంది. పిల్ల మళ్ళీ అదే అడిగింది. సుంకమ్మ మళ్ళీ అదే చెప్పింది. మూడోసారి అడిగినప్పుడు ఆమె చెయ్యి గొళ్ళెం మీదికి వెళ్ళింది. మద్దిలేటి బండి దిగి అవతలికి పోయాడు.

కుళ్ళాయమ్మ గొళ్ళెం ఊడదీసింది. ఆగకుండా మొదటి పలక మరలు విప్పింది, తర్వాత రెండోది. రెండు పలకలూ కిందికి దించాక మూడు గూళ్ళు ఒకటయ్యాయి. చలిగొట్టాలు మూడూ ఎక్కడివక్కడే ఉన్నాయి. సుంకమ్మ ఇంటినుంచి తెచ్చుకున్న బొంత పరిచింది. కొంచెం పెద్దదైంది. అంచులు మడిచింది.

బండ్లన్నిటినీ నడిపించే యంత్రం, వరసపాలకం, గోడమీది గొట్టంలోంచి మాట్లాడింది. "పలకలు లేని అమరిక నమూనాలో లేదు. కారణం చెప్పండి."

"పిల్లలు ముగ్గురూ ఒక్క గూట్లో పండుకుంటారు."

"గూటికి ఒక శ్వాస."

"ఈ గూటికి మూడు."

మూడు శ్వాసలు కలిస్తే ఏది ఎవరిదో విడదీయలేనని, ఒకటి తగ్గినా పిల్ల పేరు చెప్పి హెచ్చరించలేనని పాలకం తెలిపింది. కుళ్ళాయమ్మకు అది తెలుసు. ఆ హెచ్చరిక వల్ల బతికిన పిల్లలున్నారు. ఏదైనా జరిగితే అమరికదారు జవాబుదారీ అని కూడా పాలకం చెప్పింది. ఆమె సుంకమ్మవైపు తిరిగింది.

"ఎవురి ఊపిరి ఎవురిదో దానికి తెలీదు సుంకమ్మా. పగలు నువ్వో ఆయనో మేలుకోని చూసుకోవల్ల. ఒకరు పండుకుంటే ఒకరు."

"ఇన్నాళ్ళూ చూసింది మేమే గదక్కా."

జవాబుదారీ తనదేనని కుళ్ళాయమ్మ పాలకం తెరమీద వేలిముద్ర వేసింది.

మూడో తనిఖీనిద్రలో మల్లిక నడుమ పడుకుంది. దరువు ఆగింది. రోహిత్ అందరికన్నా ముందు నిద్రపోయాడు. అరగంట తర్వాత మాపిక వెనక గూట్లో మూడు శ్వాసలు చూపించింది. బండి అయిదుగురితో వరసలో చేరింది.

ఒక కొట్టంలో ఒప్పుదల పొందిన అమరిక మిగతా కొట్టాలన్నిటికీ వెళ్ళడం పాలకం పద్ధతి. ఆ సాయంత్రమూ అలాగే వెళ్ళింది. అమరికదారులు దాన్ని తెరల మీద చూశారు. వాళ్ళ పక్కన నిలబడ్డ తల్లులూ చూశారు. మొదట పదో కొట్టంనుంచి, తర్వాత రెండో కొట్టంనుంచి, అప్పటికే వరసలో నిలబడ్డ బండ్లు వెనక్కి తిరిగాయి. వెళ్ళొద్దని పాలకం చెప్పింది. తిరిగి తనిఖీ కావాలని అమరికదారులు అడిగారు. అమరికదారు అడిగితే పాలకం ఇచ్చి తీరాలి.

చీకటి పడింది. వరస కదల్లేదు. పొద్దు గూకాక కూడా ఆదోనిలో వరస ఆగి ఉండటం అదే మొదటిసారి. అర్ధరాత్రి దాటాక కదిలింది. చివరి బండి గేటు దాటేటప్పటికి, గోడ పక్కన విప్పి పడేసిన పలకల కుప్ప మనిషి ఎత్తు ఉంది.