ఎర్తింగ్ గుంతలో నీళ్లు

శనివారం పొద్దున సారమ్మ బిందె నింపుకుని ఇంటి మూలకు నడిచింది. అక్కడ సిమెంటు గట్టు కట్టిన ఎర్తింగ్ గుంత ఉంది. గుంతలోంచి ఇనుప పైపు జానెడు పైకి కనిపిస్తుంది. ఇల్లు కట్టినప్పుడు అల్లుడు శామ్యూల్ చెప్పాడు: కరెంటు ఎక్కడన్నా లీకైతే ఈ పైపు గుండా భూమిలోకి పోతుంది, నేల తడిగా ఉంటేనే అది పనిచేస్తుంది, వారానికోసారి నీళ్లు పోయమని. మూడేళ్లుగా ఆమె ఒక్క వారం తప్పలేదు. మోకాలు పట్టేసిన రోజుల్లో బిందె బదులు చెంబుతో పదేపదే తిరిగేది.

వరండాలో చాయ్ తాగుతున్న శామ్యూల్ తల తిప్పుకున్నాడు. ఎప్పుడు వచ్చినా, ఆమె నీళ్లు పోసేటప్పుడు అతను అటు చూడడు. భార్య జ్యోతితో కలిసి ఆ పొద్దు మేడ మీది పని కోసం వచ్చాడు. పైన కట్టిన గదులు అద్దెకివ్వాలంటే ఇంకో మీటరు కావాలి. మీటరు కావాలంటే వైరింగూ ఎర్తింగూ సరిగ్గా ఉన్నాయని లైసెన్సున్న కరెంటు కాంట్రాక్టర్ సంతకం పెట్టాలి. ఆ లైసెన్సు అతనికుంది. కింది ఇంటికీ సంతకం అతనే పెట్టాడు.

వాషింగ్ మెషీన్ ముట్టుకుంటే చేతికి జుమ్ముమంటోందని సారమ్మ ముందు రోజు కూతురికి ఫోన్‌లో చెప్పింది. ఎండలు ముదిరాయి, నీళ్లు చాలడం లేదు, తప్పు తనదేనని కూడా అంది. గుంతలో ఉప్పూ బొగ్గూ వేస్తారని అల్లుడు ఎవరికో చెబుతుంటే విన్నది. అవి తెచ్చి పెట్టుకుంది. ఇప్పుడు గడ్డపారతో పైపు చుట్టూ మట్టి కదిపింది.

పైపు ఆమె చేతిలోకి వచ్చేసింది.

చెయ్యంత ముక్క. పై కొసకు వైరు వేలాడుతోంది. సారమ్మ దాన్ని పట్టుకుని నిలబడిపోయింది.

“అయ్యో బిడ్డా, నేనే ఇరగ్గొట్టిన,” అంది. “పని తెల్వకున్నా చెయ్యి పెట్టిన. ఏమనుకోకు.”

శామ్యూల్ లేచి వచ్చాడు.

“ఏం గాదు అత్తమ్మా, ఫికర్ చెయ్యకు. నేను మల్ల పెడ్త.”

ఆమె ముఖంలో భయం తగ్గింది. అది చూశాక అతను ఆమె వంక మళ్లీ చూడలేకపోయాడు.

జ్యోతి తల్లి చేతిలోంచి పైపు తీసుకుని కింది అంచు మీద వేలు పెట్టి చూసింది.

“ఇరిగితే గిట్ల ఉంటదా? ఇది రంపంతోని కోసింది,” అంది.

జ్యోతి పెరట్లోకి వెళ్లింది. రెండు గోడల మధ్య దండెంగా బిగించిన పైపు మీద సారమ్మ చీర ఆరుతోంది. చీర పక్కకు జరిపింది. పైపు పొడవునా చిల్లులు. పోసిన నీళ్లు మట్టిలోకి దిగడానికి ఎర్తింగ్ పైపుకు వేసే చిల్లులు. పైపు మిగిలింది, బట్టలు ఆరేసుకో అత్తమ్మా అని అతనే బిగించి ఇచ్చాడు. చేతిలోని ముక్కను జ్యోతి దాని కొసకు ఆనించింది. సరిపోయింది.

“నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా?” అని భర్తను అడిగింది.

శామ్యూల్ నేల చూస్తూ చెప్పాడు. రెండడుగులు తవ్వగానే బండ తగిలింది. ఖిలా వరంగల్‌లో చాలా చోట్ల అంతే, మట్టి కింద రాయి. తెల్లారితే పాస్టరుగారు వచ్చి కొత్తింటి ప్రార్థన చేయాలి, చుట్టాలు దిగారు. పైపు కోసి పాతేశాడు. తర్వాత ఇంకో చోట తవ్వుదామనుకున్నాడు. సంతకం మాత్రం అప్పుడే పెట్టేశాడు. మీటరు వచ్చాక ఎవరూ అడగలేదు.

సారమ్మ గట్టు మీద కూర్చుని కొంగుతో చేతుల మట్టి తుడుచుకుంది.

“పైపు సంగతి ఇడ్సిపెట్టు,” అంది. “నేను మోకాళ్లు గుంజుకుంట బిందె మోస్తాంటే నువ్వు ఆడ కూసొని చాయ్ తాగినవ్. ఒక్కనాడన్న వద్దు అత్తమ్మా అనలే.”

శామ్యూల్ కళ్లు నిండాయి. తుడుచుకోవడానికి చెయ్యి లేవలేదు.

“ఇంకెవరింట్ల చేసినవ్ గిట్ల?” ఈసారి ఆమె బిడ్డా అనలేదు.

“ఖాసింబీ ఇంట్ల. ఆడ గూడ బండే.”

వెనక సందులో ఖాసింబీ ఇల్లు కట్టేటప్పుడు, మా అల్లుడిని పిలుచుకో, నమ్మకంగా చేస్తాడని చెప్పింది సారమ్మే. ఆమెకు నీళ్లు పోయడం నేర్పింది కూడా తనే.

లేచి, మెషీన్ ప్లగ్గు పీకెయ్యమని జ్యోతికి చెప్పింది. ఫ్రిజ్‌ది కూడా. గుంత అయ్యేదాకా బట్టలు చేత్తో ఉతుక్కుంటానంది. చెప్పులేసుకుంది.

“ముందు ఆమెది తవ్వు. నాది తర్వాత. నడు.”

శామ్యూల్ పైపు ముక్క పట్టుకుని ఆమె వెనక నడిచాడు. దారిలో ఆమె ఒక్కసారీ వెనక్కి తిరగలేదు.

ఖాసింబీ ఇంటి తలుపు తీసే ఉంది. వాకిట్లో ఆమె వంగి, మగ్గుతో గుంతలో నీళ్లు పోస్తోంది. వీళ్లను చూసి నవ్వింది.

“చూడు సారక్కా, నువ్వు చెప్పినట్టే శనివారం శనివారం పోస్తాన. మా అజహర్ నవ్వుతాడు, పైపుకు దూప అయితదా అమ్మీ అని.”

శామ్యూల్ వాకిట్లోకి రాగానే ఆగిపోయాడు. సారమ్మ వెనక్కి వచ్చి అతని పక్కన నిలబడింది. మోచెయ్యి పట్టుకుంది.

“చెప్పు బిడ్డా,” అంది. “నేనున్న.”

అతను వంగి ఖాసింబీ చేతిలోని మగ్గు తీసుకున్నాడు.

“వద్దు ఖాలా,” అన్నాడు. “పొయ్యకు. కింద పైపు లేదు.”