గేర్‌బాక్స్ ఎక్కని ఆదివారం

ఆ ఆదివారం పొద్దున్నే నాసర్ జగ్గయ్యపేటలోని తన షెడ్డులో అంబాసిడర్ కింద దూరాడు. క్లచ్ ప్లేటు అరిగిపోయిందని నిన్ననే గేర్‌బాక్స్ దించి కొత్త ప్లేటు వేశాడు. ఇప్పుడు గేర్‌బాక్స్‌ను మళ్లీ ఎక్కించాలి. అది ఎక్కితేగా!

నందిగామలో లెక్కల టీచరుగా చేస్తున్న కూతురు అనీసా సెలవుకి ఇంటికొచ్చింది. ఎందుకని అడగనిదే ఆమెకు అన్నం సహించదు.

"ఎందుకెక్కట్లేదు అబ్బా?"

"డూప్లికేటు ప్లేటమ్మా. కొలత తేడా."

"కొలిచావా?"

నాసర్ గేర్‌బాక్స్‌ను ఇంకోసారి నెట్టి చూశాడు. ప్లేటు సరిగ్గా మధ్యలో కూర్చుంటేనే గేర్‌బాక్స్ షాఫ్టు అందులోకి దూరుతుంది. అందుకోసం మిగతా మెకానిక్కులు ఒక డమ్మీ షాఫ్టు పెట్టి చూసుకుంటారు. ఈయన మాత్రం ప్లేటు అంచు చుట్టూ వేలు తిప్పి బోల్టులు బిగించేస్తాడు. డమ్మీ తెచ్చిస్తానన్నవాళ్ల మీద మండిపడతాడు.

అనీసా ఉండబట్టలేక చున్నీ నడుముకి బిగించి కారు కిందికి దూరింది. అంచు వెంట వేలు తిప్పింది.

"ఈ పక్క బయటికుంది, ఆ పక్క లోపలికుంది. ఇంత తేడా నీకు తగల్లేదా?"

"నీ లెక్కలు బడిలో చెప్పుకో! నాకు చెప్పొద్దు."

ఆ కేకకి తల్లి జైనాబీ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. అనీసా తండ్రిని కారు కిందినుంచి బయటికి రమ్మని, ఆయన చెయ్యి పట్టుకుంది.

"కళ్లు మూసుకో అబ్బా. ఏ వేలు పట్టుకున్నానో చెప్పు."

నాసర్ కళ్లు మూసుకోలేదు. తల దించుకున్నాడు.

"వేళ్లు మొద్దుబారిపోయాయి. షుగరు. ఏడాదైంది."

"నాతో ఒక్క మాటైనా అనలేదేమండీ!" అంది జైనాబీ.

"అంటే షెడ్డుకి తాళం వేస్తారుగా. ఇంట్లో కూర్చుని నేనేం చేసేది?"

ఇక షెడ్డు మూసెయ్యమని నిరుడు రంజాన్‌కి పట్టుబట్టింది అనీసాయే. ఆయన సుఖం కోరుతున్నాననుకుంది కానీ, ఆయన ఇంత భయపడ్డాడని తెలియలేదు. మళ్లీ కారు కిందికి జరిగింది.

"బోల్టులు వదులు చెయ్యి. వేలు నేను పెడతా. ఎటు జరపాలో నువ్వు చెప్పు."

నాసర్ బోల్టులు వదులు చేసి, పక్కనే పడుకున్నాడు.

"పైన ఎంతుంది?"

"గోరంత."

"కిందికి నెట్టు. ఇప్పుడు?"

"చుట్టూ ఒకేలా ఉంది అబ్బా."

"అంచు గరుగ్గా తగుల్తుందా?"

"ఆఁ. గరుగ్గా, చల్లగా ఉంది."

"చల్లగానే ఉంటుంది," అన్నాడు నాసర్ మెల్లగా. "మర్చిపోయా."

బోల్టులు బిగించాక జైనాబీ జాకీ తిప్పి గేర్‌బాక్స్‌ను పైకి లేపింది. తండ్రీకూతుళ్లు గేర్‌బాక్స్‌ను ముందుకు నెట్టారు. షాఫ్టు మెత్తగా లోపలికెళ్లి కూర్చుంది.

"రేపు డాక్టరు దగ్గరికి వస్తాలే," అన్నాడు నాసర్. "షెడ్డుకి తాళం..."

"వెయ్యం. నాకూ ఒక తాళంచెవి చేయించు. ఆదివారాలు నేనొస్తా."

నాసర్ కళ్లలో నీళ్లు తిరిగాయి. చేతుల నిండా గ్రీజు. జైనాబీ కొంగుతో ఆయన ముఖం తుడిచింది.