పదకొండుసార్లు పీంపపా, ఒక్కసారి ధబ్

ఆ రోజు నా చేతిలో సోల్డరింగ్ ఐరన్ ఉందన్న సంగతి నేను నిజంగానే మర్చిపోయాను.

లేకపోతే ఎవడైనా, పొగలు కక్కే కడ్డీ పట్టుకుని, దాని వైరు ఈడ్చుకుంటూ పళ్ళ క్లినిక్‌లోకి పరిగెడతాడా?

అసలు తప్పంతా సంగీతానిది. మా రిపేరు షాపు పై అంతస్తులో కొత్తగా క్లినిక్ తెరిచారు. పొద్దున్నుంచీ సీలింగులోంచి డ్రిల్లు మోత వస్తూనే ఉంది. పదిన్నరకి ఆ మోత వెనకాల ఒక బేస్ గిటారు వినిపించింది. దారి తప్పినవాడు ఇంటి నంబర్లు చదువుకుంటూ నడిచినట్టు తడుముకుంటూ వచ్చే బేస్ గిటారు. నాకు ఒళ్ళు జల్లుమంది.

మేక రికార్డు!

ఎప్పుడో ఇటలీలో ఐదుగురు మహానుభావులు జాజ్‌నీ రాక్‌నీ ఒకే గదిలో పెట్టి తాళం వేసి తయారుచేసిన రికార్డు అది. దాని అసలు పేరు పలకడం మా వల్ల కాదు. అట్ట మీద గోడ గడియారంలోంచి ఒక మేక తల బయటికి పెట్టి చూస్తుంటుంది కాబట్టి మా మావయ్య దానికి ఆ పేరు పెట్టాడు. అందులో డ్రమ్ముల మనిషి ఏడు దాకా లెక్కపెట్టి, ఎనిమిది ఎందుకులే అని వదిలేస్తాడు. ఎలక్ట్రిక్ పియానో రేకుల కప్పు మీద వానలా కురుస్తుంది. సాక్సాఫోన్ కాసేపు పోట్లాడుతుంది, కాసేపు బతిమాలుతుంది, ఒకచోటైతే అలిగి వెళ్ళిపోతుంది కూడా. మొదటిసారి విన్నవాళ్ళు మీ మెషిన్ పాడైంది చూసుకోండి అంటారు. పదిసార్లు విన్నవాళ్ళకి ఇంక మామూలు పాటలు చప్పగా ఉంటాయి. ఆ పదిసార్లూ విన్న పిచ్చివాణ్ణి ఈ ఊళ్ళో నేనొక్కణ్ణే అనుకుని ఇన్నాళ్ళూ ఒంటరిగా బతుకుతున్నాను.

మరి పరిగెత్తనా?

క్లినిక్ కుర్చీలో నోరు తెరుచుకుని పడుకున్న పెద్దాయన నన్నూ, నా చేతిలో కడ్డీనీ చూశాడు. "డాక్టరుగారూ, నొప్పి తగ్గిపోయిందండీ" అని, మెడకి కట్టిన గుడ్డతో సహా మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

డాక్టరు మాస్కు కిందికి లాగింది. మాస్కు ఉన్నప్పుడే బాగుంది. లాగాక నేను ఎందుకొచ్చానో మర్చిపోయాను.

"ఎవరండీ మీరు?"

"కింద రిపేరు షాపండీ."

"నేనేమీ రిపేరుకి ఇవ్వలేదే?"

"మేక... మేక అండీ..."

"ఇక్కడ మేకలకి చూడం."

"అది కాదండీ! ఆ మోగేది! గడియారంలో మేక ఉంటుందే, ఆ రికార్డు!"

ఆమె కళ్ళు ఇంతింత అయ్యాయి. "అది మేకా? నేను ఇన్నాళ్ళూ కుక్క అనుకున్నానే! నా దగ్గర ఉన్నది క్యాసెట్టండీ. పెట్టె మీద ఎవరో చేత్తో గీశారు. మీకు... మీకు ఇది తెలుసా?"

"తెలుసా ఏమిటండీ! రెండో వైపు డ్రమ్ముల మనిషి తుమ్ముతాడు చూడండి..."

"నాలుగో నిమిషంలో!"

"ఆ తుమ్ము కూడా తాళంలోనే ఉంటుంది!"

ఇద్దరం ఒకేసారి నవ్వాం. అంతలో ఆమె వేలెత్తి "ష్! వస్తోంది" అంది.

సాక్సాఫోన్ పీంపపా అంది. మళ్ళీ పీంపపా. మళ్ళీ అదే. సరిగ్గా పదకొండుసార్లు పీంపపా అని, ధబ్ మని ఒక చప్పుడు వచ్చి, పాట ముందుకి సాగిపోయింది.

నా పని రికార్డు ప్లేయర్లతో. సూది గీతలో ఇరుక్కుంటే ఏమవుతుందో నన్ను నిద్రలేపి అడిగినా చెప్తాను. నా దగ్గరున్న రికార్డు మీద ఒక్క గీత లేదు, అందులో ఆ పీంపపా వచ్చేది ఒక్కసారే. ఎవరో గీత పడ్డ రికార్డు నుంచి ఈ టేపు ఎక్కించారు. అదే చెబుదామని నోరు తెరిచాను.

ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి.

"విన్నారా? ఒకే మాట పదకొండుసార్లు అడిగి, అడిగి, ఆఖరికి తలుపు బద్దలుకొట్టుకుని వచ్చేస్తాడు! ఎంత గుండె ధైర్యం ఉండాలండీ అలా వాయించడానికి! నేను పదో తరగతి లెక్కల్లో రెండుసార్లు తప్పాను. ఇది వింటూ చదివి మూడోసారి గట్టెక్కాను. ఇప్పటికీ మొండి పన్ను వస్తే ఇదే పెడతాను. పదకొండుసార్లు మెల్లగా కదిపి, ఆ ధబ్‌కి లాగేస్తాను. ఇంతవరకూ ఒక్కటి విరగలేదు. మీకేమనిపిస్తుంది ఇది వింటే?"

"అద్భుతమండీ" అన్నాను.

ఆ ఒక్క మాటతో నా జీవితంలో రెండు మొదలయ్యాయి. ఒకటి ప్రేమ, రెండోది అబద్ధం.

తర్వాతి మూడు నెలలూ నా కాళ్ళు నేల మీద లేవు, మెట్ల మీదే ఉన్నాయి. ఆమె టేప్ డెక్ వారానికోసారి పాడయ్యేది. నేను వారానికోసారి బాగుచేసేవాణ్ణి. మావయ్య భూతద్దం కళ్ళజోడు పైకి నెట్టి, "ఒరేయ్, ఆ డెక్కు పాడవుతోందా, నువ్వు పాడవుతున్నావా?" అనేవాడు.

"పని నేర్చుకుంటున్నాను మావయ్యా."

"పదిహేనేళ్ళుగా నేర్చుకుంటూనే ఉన్నావు. కానివ్వు."

అంతా బాగానే ఉండేది, సూదిబాబుగారు లేకపోతే. ఆయన రిటైరైన హెడ్‌మాస్టరు. ఇంట్లో రెండు గదుల నిండా రికార్డులు, ఎవర్నీ ముట్టుకోనివ్వడు, సూది ఆయనే పెట్టాలి, అందుకే ఆ పేరు. లైబ్రరీ హాల్లో నెలకో ఆదివారం సంగీత సభ నడుపుతాడు. మేక రికార్డు ఆయన దగ్గరా ఉందట, ఈ నెల దాని గురించి మాట్లాడమని డాక్టర్ని పిలిచాడు.

ఆమె పదహారు పేజీలు రాసింది. అందులో పదకొండు పేజీలు ఆ పదకొండు పీంపపాల గురించే.

శనివారం వాన దంచికొడుతోంది. మా షాపు షట్టరు కింద నిలబడి ఆమె ఆ పేజీలు నాకు చదివి వినిపించింది. జుట్టు మీంచి ఒక చినుకు జారి ముక్కు చివర ఆగింది. పడదు, పోదు. నేను ఆ చినుకునే చూస్తున్నాను. రేపు సభలో నలుగురూ నవ్వుతారు, ఇప్పుడే చెప్పెయ్యాలి అనుకున్నాను.

"డాక్టరుగారూ, ఆ పదకొండుసార్లు గురించి ఒక మాటండీ..."

"ఊఁ, చెప్పండి."

చినుకు పడింది. ఆమె నవ్వింది.

"పదకొండు చాలా మంచి నంబరండీ" అన్నాను.

ఛీ, నా బతుకు!

ఆదివారం హాల్లో నలభై మంది ఉన్నారు. ఆమె ఎంత బాగా మాట్లాడిందంటే, కిటికీ పక్కన నిద్రపోయే ముసలాయన కూడా లేచి కూర్చున్నాడు. టేపు వేసింది. పదకొండు పీంపపాలు, ధబ్. చప్పట్లు కొట్టబోతున్నారు. సూదిబాబుగారు లేచి, కళ్ళజోడు తుడుచుకుని, "అమ్మాయీ, అది సంగీతం కాదు, గీత" అన్నాడు. తన రికార్డు తీసి, తుడిచి, సూది పెట్టాడు. పీంపపా ఒక్కసారి వచ్చింది. హాయిగా ముందుకెళ్ళిపోయింది.

ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ తర్వాత హాలంతా.

ఆమె వాళ్ళ వంక చూడలేదు. నా వంక చూసింది. నేను బెల్లం కొట్టిన రాయిలా కూర్చుని నా చెప్పుల వంక చూసుకుంటున్నాను. అంతే, ఆమెకి అర్థమైపోయింది.

బయట మెట్ల మీద పట్టుకుంది నన్ను.

"మీకు తెలుసా?"

"తెలుసండీ."

"ఎప్పట్నుంచి?"

"మొదటి రోజు నుంచి."

"మూడు నెలలు! రోజూ విని, అద్భుతమండీ, అద్భుతమండీ అని తలూపావు! లోపల నవ్వుకున్నావా?"

కోపంలో 'నువ్వు' అంది. వెధవ మనసు, అంత గొడవలోనూ దానికి సంతోషించింది.

"లేదండీ! ఒట్టు! మీరు బాధపడతారని..."

"ఇప్పుడు పడట్లేదా? రికార్డుకి గీత పడిందంటే దాని తప్పా? నీకు నోరుంది కదా!"

వెళ్ళిపోయింది.

ఆ మర్నాటి నుంచి సీలింగులోంచి ఉత్త డ్రిల్లు మోతే. పాట లేదు. మొండి పళ్ళని వేరే డాక్టరు దగ్గరికి పంపించేస్తోందని మెట్లు దిగే పేషెంట్లు చెప్పారు. నాకు అన్నం సయించలేదు. పులి మీద పుట్రలా సరిగ్గా అప్పుడే నా జ్ఞానదంతం వాచింది. దవడ బొప్పాయంత అయింది.

"పద పైకి" అన్నాడు మావయ్య.

"చంపేస్తుంది మావయ్యా."

"పన్ను పీకాకే చంపుతుందిలే, పద."

చొక్కా పట్టుకుని ఈడ్చుకెళ్ళాడు. డాక్టరు మాస్కు తియ్యలేదు. ఇంజక్షను ఇచ్చింది, దూది కుక్కింది. పట్టకారు తీసుకుని రెండుసార్లు కదిపింది. మూడోసారికి చెయ్యి ఆగిపోయింది. మళ్ళీ ప్రయత్నించింది. మళ్ళీ ఆగింది.

"నా వల్ల కావట్లేదండీ. ఇదివరకు చెయ్యి దానంతట అదే వెళ్ళేది. ఇప్పుడు ఎన్నోసారికి లాగాలో తెలియట్లేదు. వేరే డాక్టరుకి రాసిస్తాను" అంది మావయ్యతో.

మావయ్య ఆమెని చూడట్లేదు. బల్ల మీది క్యాసెట్టు పెట్టెని చూస్తున్నాడు. తీసి కళ్ళ దగ్గర పెట్టుకున్నాడు.

"ఈ మేక నేను గీసిందే!"

"కుక్క అది" అంది డాక్టరు, అలవాటుగా.

"అందరూ అలాగే అంటారమ్మా. ఎక్కడిది నీకిది?"

"మా నాన్నగారు కొన్నారు. పదో తరగతిలో."

"లెక్కలు రెండుసార్లు తప్పింది నువ్వేనా?"

డాక్టరు మాస్కు లాగేసింది. "మీకెలా తెలుసు?"

"మీ నాన్నగారే చెప్పారమ్మా! మా అమ్మాయి రెండుసార్లు తప్పింది, మాటలుంటే మనసు అటు పోతోంది, మాటల్లేని పాటలు కావాలన్నారు. నా దగ్గర మాటల్లేనిది ఆ మేక ఒక్కటే ఉంది. తర్వాత దాని మీద ఒక కస్టమరు కూర్చున్నాడనుకో, పోయింది పాపం. ఇప్పుడు వీడి దగ్గరున్నది ఆ తర్వాత కొన్నది. ఆ టేపు ఎక్కించడానికి పెట్టి, ఇరుక్కుంటే సూదిని కొంచెం జరుపు అని వీడికి చెప్పి బజారుకెళ్ళాను. వచ్చేసరికి పీంపపా పీంపపా అని ఒకటే చోట మోగుతోంది. వీడు జరపలేదు. చేతులు పైకెత్తి గంతులేస్తున్నాడు!"

"మ్మ్మ్?" అన్నాను దూది లోంచి.

"ఎందుకు జరపలేదురా అంటే, 'ఇలాగే బాగుంది మావయ్యా, ఎన్నిసార్లైనా వినొచ్చు' అన్నాడు. నాకు మండి వీపు మీద ఒక్కటిచ్చాను. వెళ్ళి బల్ల మీద పడ్డాడు. ఆ అదురంతా టేపులోకి ఎక్కింది, సూది ఎగిరి ముందుకి పడింది."

డాక్టరు పట్టకారు కింద పెట్టింది. "అంటే ఆ ధబ్..."

"వీడి వీపమ్మా."

నన్ను చూసింది. నాకు గుర్తుందా అని ఆ చూపుకి అర్థం. నేను భుజాలెగరేశాను. ఆ వయసులో రోజుకొకటి పడేది, ఏదని గుర్తుపెట్టుకోను?

"నన్ను ఓదార్చడానికి చెప్తున్నారు" అంది మెల్లగా.

"ఓదార్పా? ఒరేయ్, ముందుకి వంగు."

"మ్మ్మ్మ్!"

ధబ్!

డాక్టరు బిగుసుకుపోయింది. కళ్ళు మూసుకుంది.

"ఇంకోసారి కొట్టండి."

ధబ్!

"అదే" అంది. కళ్ళు మూసుకునే నవ్వుతోంది. "అదేనండీ. పదిహేనేళ్ళుగా నేను వింటున్నది అదే. ఇంకొక్కసారి..."

"మ్మ్మ్మ్మ్!" అని నేను ఏడ్చినంత పని చేశాక ఆపారు.

ఆమె టేపు వేసింది. "నోరు తెరువు" అంది. 'నువ్వు' అలాగే ఉంది, కోపం మాత్రం లేదు. పీంపపా, కదిపింది. పీంపపా, కదిపింది. నేనూ లెక్కపెట్టాను. పదకొండు అయ్యాయి. ధబ్ మంది. పన్ను ఆమె చేతిలో ఉంది, నిండుగా, ఎక్కడా విరక్కుండా. ఆమె దాన్ని వెలుతురులోకి ఎత్తి చూసి, చేత్తో కళ్ళు తుడుచుకుంది.

మావయ్య ఎందుకో షాపు గుర్తొచ్చినట్టు కిందికి వెళ్ళిపోయాడు.

గంట తర్వాత దూది తీసింది. "ఇప్పుడు చెప్పు. దాచినవన్నీ."

"మీ పదహారు పేజీల్లో తొమ్మిదోది బాగాలేదు."

"నాకూ అనిపించింది. తర్వాత?"

"మీ టేప్ డెక్ ఒక్కసారి కూడా పాడవలేదు. ఊరికే వైరు ఊడి ఉండేది, పెట్టి ఇచ్చేసేవాణ్ణి."

"తెలుసు. నేనే పీకి ఇచ్చేదాన్ని."

నోరు దానంతటదే తెరుచుకుంది నాకు. దవడ మొద్దుబారి కాదు.

"ఇంకా?"

"మీరంటే నాకు ప్రాణం. ఇది కూడా మొదటి రోజు నుంచే తెలుసు, చెప్పలేదు."

"ఒక్కసారి చెప్తే నేను నమ్మనని నీకు తెలియదా?" అని చేతివేళ్ళు విప్పి లెక్కకి సిద్ధంగా కూర్చుంది. పదకొండుసార్లు చెప్పాను. ప్రతిసారీ కొత్తగానే ఉంది. పదకొండోది అయ్యాక నా వీపు మీద ధబ్ మని ఆమే ఒకటిచ్చింది.

ఆ వచ్చే ఆదివారం వాళ్ళ నాన్నగారు మా షాపుకి వచ్చారు. మావయ్యని చూడగానే గుర్తుపట్టి, "మీరా బాబూ! ఆ టేపుతో ఇంటిల్లిపాదీ పదిహేనేళ్ళు వేగాం" అన్నారు. తర్వాత నన్ను పైనుంచి కింది దాకా చూశారు.

"ఆ రోజు మాటల్లేనిది కావాలన్నాను, నా తప్పే. అల్లుడు మాత్రం నోరు తెరిచి ఉన్నమాట చెప్పేవాడు కావాలి. ఏమోయ్, మా అమ్మాయి ఆ సభలో ఎలా మాట్లాడింది?"

"తొమ్మిదో పేజీ తప్ప బ్రహ్మాండంగా మాట్లాడిందండీ."

ఆయన పెద్దగా నవ్వారు. "సరే, ఖాయం" అన్నారు.

ఇద్దరం వంగి పెద్దవాళ్ళ కాళ్ళకి దండం పెట్టాం. మావయ్య దీవించడానికి చెయ్యి పైకెత్తాడు. ఆ చెయ్యి నా తల మీదికి వస్తుంటే పక్కనుంచి ఆమె గబుక్కున అంది:

"తల మీద కాదు మావయ్యగారూ, వీపు మీద!"