పదికి ఆరున్నర

ఖమ్మంలో భద్రాచలం బస్సు ఎక్కగానే రామన్న ముక్కు పని మానేసింది. మార్కెట్ యార్డుకు మిర్చి బస్తాలు వచ్చే రోజులు. కిటికీ తెరిస్తే ఘాటు, మూస్తే ఉక్క. అతనికి జీతం తెచ్చిపెట్టేది ఆ ముక్కే కాబట్టి దాని చుట్టూ తువ్వాలు కట్టి, ఒళ్లో సంచీని పసిబిడ్డలా పట్టుకుని కూర్చున్నాడు.

సంచీలో రెండు సీసాలున్నాయి. రామన్న హైదరాబాదు దగ్గర ఒక బీరు ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేస్తాడు. బీరు రుచి చూసి పదికి మార్కులు వేయడమే ఉద్యోగం. ఈమధ్య బెల్జియం వెళ్లొచ్చిన మేనేజరు అక్కడి పుల్లటి బీరు తెచ్చి అతని చేతిలో పెట్టాడు.

"మన దగ్గర బీరు పులిస్తే పారబోస్తాం. వాళ్లు పులుపు కోసమే ఏళ్లు దాచుకుంటారు. ఊరికి వెళ్తున్నావుగా, నింపాదిగా తాగి, నీకు తెలిసిన వాసనలతో చెప్పు," అన్నాడు.

ఆగలేక బస్టాండులోనే ఒక సీసా బిరడా మీది తీగ ఊడదీసి చూశాడు రామన్న. మళ్లీ సరిగ్గా బిగించలేదు. తల్లాడ దాటాక బస్సు గుంతలో పడి లేచింది. సంచీలో టప్పుమని చప్పుడైంది. బిరడా బస్సు పైకప్పుకు తగిలింది. నురగ ఎగిరి ముందు సీట్లో అమ్మాయి జడ మీద, భుజం మీద పడింది.

ఇంకెవరైనా అయితే ముందు తప్పైందంటారు. రామన్న తువ్వాలు దించి, వేలికంటిన నురగను ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

"తడిసిన మేక," అన్నాడు. "పాత చాప. వెనకాల పచ్చి ఉసిరికాయ."

అమ్మాయి వెనక్కి తిరిగింది. "ఎవరు మేక?"

"మీరు కాదండి. బీరు."

"నామీద బీరు పోసి, పైనుంచి వాసన గూడ చూస్తున్నరా?"

"మేక వాసన దీనికి మంచిదేనండి. మార్కులు ఎక్కువొస్తయి."

"నేను ఆశ్రమ పాఠశాలల టీచర్ని. బస్సు దిగి సీదా క్లాసుకు పోవాలె. పిల్లలు 'టీచర్, ఏం తాగినవ్' అని అడిగితే ఏం చెప్పాలె?"

"బెల్జియం అని చెప్పండి."

ఆమె చటుక్కున ముందుకు తిరిగిపోయింది. కోపమొచ్చిందేమో అనుకున్నాడు. కానీ తడిసిన జడ సన్నగా వణుకుతోంది. నవ్వు అలా వెనక నుంచి కనిపించడం కూడా ఒక అదృష్టమే. తువ్వాలు అందించాడు. తీసుకుంది.

కొంతసేపయ్యాక అడిగింది, "బీరు రుచి చూసే కొలువా? ఏ ఊరు మీది?"

చెప్పాడు. ఆమె మళ్లీ తిరిగి అతన్ని కింది నుంచి పైదాకా చూసింది. "ఊరికి ఏం పని మీద?"

"మా అమ్మ పిల్లను చూడమంది. చూసి, నచ్చలేదని చెప్పి వచ్చేస్త."

"చూడకముందే మార్కులు వేసిన్రా?"

దిగేటప్పుడు ఆమె తువ్వాలు మడిచి అతని ఒళ్లో పెట్టింది. "పిల్లను మాత్రం వాసన చూడకున్రి. కొడతరు."

ఆదివారం పొద్దున్నే తల్లి జంపక్క అతన్ని పక్క గూడేనికి తీసుకెళ్లింది. మిగిలిన సీసా ఉన్న సంచీ అతని భుజానే ఉంది. దారి పొడుగునా రామన్న బస్సులో అమ్మాయి పేరు ఎందుకు అడగలేదా అని తన్ను తాను తిట్టుకుంటూనే ఉన్నాడు.

ఆ గూడేల్లో సంబంధం కల్లుతో కుదురుతుంది. పిల్ల తండ్రి తాటిచెట్టులా కల్లు కారే జీలుగు చెట్టు నుంచి కుండ దించి, ఆకు దొప్పలో తొలి కల్లు పిల్లవాడికి ఇస్తాడు. తాగితే ఒప్పుకున్నట్టు. కింద పెడితే లేదన్నట్టు. కింద పెట్టినా ఎవరూ నొచ్చుకోరు. ఉమ్మేయడం ఎవరూ ఎరగరు కాబట్టి దానికి అర్థం కూడా ఎవరూ పెట్టుకోలేదు.

పిల్ల తండ్రి పగిడయ్య ఆ పొద్దు తానే చెట్టెక్కాడు. భార్య పోయాక కూతురికి జడ వేయడం కూడా నేర్చుకున్న మనిషి. కుండ దించి, "నిర్మలా, దొప్పలు తే బిడ్డా," అని పిలిచాడు.

దొప్పలు పట్టుకుని వచ్చింది బస్సులో అమ్మాయే.

"మేక బాగుందా సారూ?" అంది మెల్లగా.

రామన్నకు లోకమంతా తీపెక్కింది. పగిడయ్య దొప్ప అందించాడు. ఆమెనే చూస్తూ రామన్న దొప్పను గుండ్రంగా తిప్పాడు. వాసన చూశాడు. గుక్క నోట్లో పోసుకుని నాలుక మీద అటూ ఇటూ దొర్లించాడు. పక్కకు తిరిగి తుపుక్కున ఉమ్మేశాడు.

"ఆరున్నర," అన్నాడు.

"నీ నోరు పాడుగాను," అంది జంపక్క నెత్తి పట్టుకుని.

పగిడయ్య దొప్పను మెల్లగా వెనక్కి తీసుకున్నాడు. "నచ్చకుంటే కింద పెట్టాలె. మేమేమనుకోం. గిట్ల ఉమ్ముతరా?"

"నచ్చక కాదు మామా. అది కొలువు. రోజూ వరుసగా గ్లాసులు పెడతరు. అన్నీ మింగితే సగంలనే పడిపోతం. అందుకే ఉమ్ముడు అలవాటైంది. నోరు నన్ను అడగలే."

"రేపు నా బిడ్డ అన్నం పెడితే గూడ అడగదా?"

పగిడయ్య కుండ మీద మూత పెట్టాడు. జంపక్క చెంగు దులుపుకుని లేచింది.

నిర్మల కదల్లేదు. "నాయనా, ఆగు. ఆయన సంచిల ఇంకో సీసా ఉంది."

"నీకెట్ల ఎరుక?"

"బస్సుల చూసిన, రెండు ఉండె. నామీద పడ్డది ఒకటే."

"నీమీద పడ్డదా?"

"అది తర్వాత చెప్త. ఆయన మన కల్లు రుచి చూసిండు. ఆయన కల్లు నేను చూస్త. మింగితే ఒప్పుకున్నట్టు. ఉమ్మితే సరికి సరి, ఎవరింటికి వాళ్లు."

రామన్న సీసా బయటికి తీసి, సముద్రం అవతల బెల్జియంలో చేసిన బీరని చెప్పి బిరడా లాగాడు. ముందు పగిడయ్యే కొంచెం నాలుక మీద వేసుకున్నాడు. "ఇది మన రెండోనాటి కల్లు లెక్కనే ఉంది గద. దీనికోసం సముద్రం దాటి పోయిండ్రా?"

"అవ్ మామా. వాళ్లు గూడ గాలికి వదిలేసే పులియబెడతరు."

నిర్మల దొప్పలో బీరు పోయించుకుని అచ్చం అతనిలాగే తిప్పింది. కళ్లు మూసుకుని వాసన చూసింది. "తడిసిన మేక," అంది గంభీరంగా. బుగ్గల నిండా పోసుకుంది. మింగలేదు, ఉమ్మలేదు. చెట్టు కొస వైపు చూస్తూ నిలబడింది.

"మొదట పులుపు కొడుతది. ఆగితే తర్వాత..." రామన్న మొదలుపెట్టాడు.

అది కాదన్నట్టు తల ఊపింది.

"బస్సుల తప్పు మాటన్న. నచ్చలేదని చెప్పి వస్తనన్న. మీరు దిగిన కాడికెంచి నాకు ఇంకో వాసన తెలుస్తలేదు. ఆ తువ్వాలు ఇంకా ఉతకలే."

ఆమె ఉమ్మబోతున్నట్టు పక్కకు వంగింది.

"ఉమ్మకు నిర్మలా. నిన్ను చూసుకుంట మార్కు తప్పేసిన. మామ కల్లుకు తొమ్మిది."

"తొమ్మిదేనా?" అన్నాడు పగిడయ్య.

"పది మామా."

జంపక్క చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నిర్మల నిటారుగా నిలబడి అతని కళ్లలోకి చూసింది. ఆమె గొంతు కదలడం అందరూ చూశారు. పెదవులు తుడుచుకుంది.

"ఆరున్నర," అంది.

"మిగిలిన మూడున్నర?"

"పెండ్లయినంక చూద్దం బావా."

పగిడయ్య సీసా అడుగున మిగిలిన చుక్కలు నేల మీద వంచాడు. "పోయిన మీ అమ్మకు గూడ రుచి తెలవాలె గద బిడ్డా," అని, కుండ మూత తీసి కొత్త దొప్ప నింపాడు.

ఈసారి రామన్న తిప్పలేదు, వాసన చూడలేదు. మళ్లీ ఉమ్ముతాడేమోనని జంపక్క వెనక నుంచి వచ్చి కొడుకు నోరు చేత్తో మూసేదాకా ఆగకుండా, గూడెమంతా వినబడేటట్టు మింగాడు.