చలిగదిలో తెగిన గొలుసు

గొలుసు తెగింది. మనిషి పోయాడు.

కోల్డ్ స్టోరేజీ చలిగదిలో, మైనస్ ముప్పై డిగ్రీల దగ్గర, బరువైన ఇనుప పెట్టె కింద హెల్పర్ నలిగిపోయాడు. క్రేన్ నడిపింది అతని సొంత బావే. ముందురోజే ఇద్దరూ నలుగురిలో తిట్టుకున్నారు.

ఇంత తేలిగ్గా దొరికిన హంతకుడంటే ఇన్‌స్పెక్టరమ్మకు నమ్మకం కుదరదు. కానీ సాయంత్రంలోగా అరెస్టు చూపించమని పైనుంచి ఒకటే పోరు. అందరినీ చలిగదికే పిలిపించింది.

"గొలుసును ఏమైనా చేశావా?"

క్రేన్ ఆపరేటర్ తల దించుకున్నాడు. తలుపు దగ్గర అతని భార్య నిలబడింది. తమ్ముడు పోయాడు, ఇక మొగుడు జైలుకు పోతాడేమోనని ఆమె భయం.

"నోరు తెరిచి ఏదో ఒకటి చెప్పండి!" అంది మొగుడితో.

"ఏం చెప్తాడు?" అన్నాడు మేనేజర్. "గొలుసు మంచిదేనని ల్యాబ్ తేల్చింది. వీడే ఏదో చేశాడు."

ల్యాబ్ ఇంజనీర్ తలూపాడు. "దాని జత గొలుసును లాగి చూశాం మేడమ్. రెండింతల బరువు మోసింది. తెగేముందు బాగా సాగింది."

ఇన్‌స్పెక్టర్ తెగిన లింకు అతని చేతిలో పెట్టింది. తెగినచోట చదునుగా, పంచదార పలుకుల్లా మెరుస్తోంది.

"ఇది సాగిందా?"

"లేదు..."

"మీరు లాగింది ఎక్కడ?"

"ల్యాబ్‌లో."

"ఫ్యాను కింద! ఎలా లాగారు?"

"మెల్లగా..." ఇంజనీర్ మొహం పాలిపోయింది. "పొరపాటు చేశాం మేడమ్. చలిలో మామూలు స్టీలు పెళుసుబారుతుంది. కుదుపు తగిలితే సాగే వ్యవధి కూడా ఉండదు. సన్న పగులున్నా చాలు, తెగిపోతుంది."

జత గొలుసులో మిగిలిన ఒక లింకుకు సన్న పగులులా రంపంతో గాటు పెట్టించి, ఇన్‌స్పెక్టర్ నిన్న రాత్రే ఈ చలిగదిలో ఉంచింది. దానికి బరువు మెల్లగా తగిలించారు. మోసింది. బరువు దించి సుత్తితో ఒక్క దెబ్బ వేశారు. రెండు ముక్కలైంది.

"అయితే వీడే కావాలని కుదిపాడు!" అని మేనేజర్ అరిచాడు.

"పెట్టె నేలకు గడ్డకట్టి అతుక్కుంటే కుదపాల్సి వచ్చిందేమో?" అంది ఇన్‌స్పెక్టర్.

"ఇక్కడ ఎప్పుడూ అతుక్కోదు."

ఆమె గోడ చూపించింది. గోడంతా మంచు పేరుకుంది. రెండు మేకుల కింద మాత్రం గడ్డపార ఆకారంలో ఖాళీ చోటు.

"అతుక్కోకపోతే గడ్డపారతో పనేంటి? తీసి ఎన్నాళ్లో అయితే ఈ చోటు కూడా మంచు కప్పేది."

కానిస్టేబుల్ గడ్డపార తెచ్చాడు. మేనేజర్ గదిలో బీరువా వెనక దొరికింది.

"మంచు పగలగొడుతూ కూర్చుంటే లారీలు ఆగిపోతున్నాయి... కుదిపి లేపమన్నాను," అని మేనేజర్ గొణిగాడు. కానిస్టేబుల్ అతని రెక్క పట్టుకున్నాడు.

ఇన్‌స్పెక్టర్‌కు ఒళ్లు మండింది. ఆపరేటర్ వైపు తిరిగింది. "ఇంత తెలిసీ ఎందుకు చెప్పలేదయ్యా?"

అతను భార్యను చూశాడు.

"కుదపమని చెయ్యి ఊపింది నీ తమ్ముడే. పెట్టె ఊడి పైకి ఎగరగానే గొలుసు తెగి వాడి మీదే పడింది. వద్దురా అని ముందురోజు వాడితో గొడవపడింది కూడా దీనికే. వాడి సైగతో వాడే పోయాడని నీకెలా చెప్పను? క్రేన్ లివర్ లాగింది నేనేగా."

ఆమె అతని దగ్గరికి నడిచింది. లివర్ లాగిన ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుంది.

"పదండి. మా అమ్మకు ఇద్దరం కలిసే చెబుదాం."